ఎర్ర చుక్క

“ఎన్ని లీటర్ల ఆక్సిజన్ మిషనో అడుగు,” అన్నాడు సీనియర్, తన ఫోను మూతిని అరచేత్తో మూసి.

కొత్తమ్మాయి అడిగింది. “అయిదు లీటర్లదట సార్. మిషను ఆగి పది నిమిషాలైందట. వాళ్ళత్తగారికి ఊపిరందడం లేదంటోంది. వీధంతా కరెంటు ఉంది, వీళ్ళ ఒక్క ఇంటికే పోయిందట.”

“చూశావా, అడగ్గానే ఎలా చెప్పేసిందో! ఎర్ర చుక్క పెట్టు.”

“తడబడితేనే అబద్ధమని మీరే అన్నారు కదా సార్?”

“తడబడితే అబద్ధం. తడబడకపోతే కంఠతా పట్టిన అబద్ధం.”

కరెంటు ఫిర్యాదుల ఆఫీసు అది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల ఫ్యాను వేడిగాలిని ఈ మూల నుంచి ఆ మూలకు తోలుతోంది. ఉన్నది ఒకటే వ్యాను. బల్లమీద చీటీలు పదకొండు. ఇంట్లో ఆక్సిజన్ మీద రోగి ఉంటే ముందు ఆ ఇంటికే వెళ్ళాలని రూలుంది. ఆ సంగతి జనానికి తెలిసిపోయాక, ఎండాకాలం వచ్చేసరికి ఇంటికో రోగి పుట్టుకొస్తున్నాడు. పోయిన వారం ఓ ఇంటికి వ్యాను పరుగెత్తించి, మిషను ఏదయ్యా అంటే చేపల తొట్టి చూపించారు. ఊపిరాడనిది వాటికేనట. ఆ రోజు నుంచీ సీనియర్ ఆక్సిజన్ అన్నవాళ్ళ చీటీ మీద ఎర్ర చుక్క పెట్టి అడుక్కి తోసేస్తున్నాడు. తప్పే. కానీ మోసపోయి మోసపోయి మనసు మొద్దుబారిన మనిషికి అది తప్పని ఎవరు చెప్పాలి?

“పోనీ అడ్రసు చూసి, ఆ దారిలోనే ఉంటే...” అంది కొత్తమ్మాయి.

“మనకి అడ్రసు కనపడదమ్మా. మీటరు నంబరే. వాళ్ళ వంతు వచ్చాకే వ్యానులో అడ్రసు తెలుస్తుంది. ఆ పద్ధతి పెట్టమని పైవాళ్ళకి రాసింది నేనే. లేకపోతే ఇక్కడ ప్రతివాడూ ముందు సొంత వీధి చూసుకుంటాడు.” ఆ మాట అంటున్నప్పుడు అతని ఛాతీ కొంచెం పొంగింది. “మా బావమరిది ఒకసారి నా పేరు వాడుకున్నాడు. మూడు నెలలు మాట్లాడలేదు వాడితో. అప్పట్నుంచీ మా ఇంట్లో ఎవరూ నా పేరెత్తరు. నా దగ్గర ఆ పప్పులుడకవు.”

నిజమే, ఉడకవు. సొంత సెల్‌ఫోన్లు బయట అరల్లో పెట్టి తాళం వేయాలన్న రూలు అందరూ మర్చిపోతే, అతనొక్కడే రోజూ తాళం వేసి వచ్చి కూర్చుంటాడు.

మెడకు చుట్టుకున్న రుమాలు అప్పుడే ఆరిపోయింది. పొద్దున బయల్దేరుతుంటే వాళ్ళమ్మ తడిపి ఇచ్చింది, వడదెబ్బ తగులుతుందిరా అని. కూజాలో నీళ్ళు వంపి మళ్ళీ తడుపుకున్నాడు.

రెండూ పదికి మళ్ళీ అదే నంబరు.

“సార్, ఆవిడే. అంబులెన్సుకి చేస్తే గంట పడుతుందన్నారట. ఏడుస్తోంది సార్.”

“ఏడుపు కూడా నేర్చుకోవచ్చు.”

“వాళ్ళాయన డ్యూటీలో ఉన్నాడట. ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తడం లేదట.”

సీనియర్ నవ్వాడు. “కన్నతల్లి ప్రాణం మీదికొస్తే ఫోను ఎత్తని కొడుకుంటాడా? అక్కడే దొరికిపోయింది. వస్తారు, వంతు ప్రకారం వస్తారని చెప్పు.”

కొత్తమ్మాయి ఆ మాటే చెప్పింది. సీనియర్ నీళ్ళ కోసం లేచిన సందు చూసి, చుక్క పెట్టిన చీటీని గుట్టుచప్పుడు కాకుండా పైకి లాగింది. అతను తిరిగొచ్చి చూశాడు. చీటీ తీసి మళ్ళీ అట్టడుగున పెట్టి, దానిమీద తన కళ్ళజోడు పెట్టె బరువుగా ఉంచాడు.

“నీకు జాలి ఎక్కువ. ఇక్కడ పనికిరాదు. ఆ పైనున్న పది ఇళ్ళవాళ్ళూ మనుషులే కదా?”

రెండున్నరకి ఇంకోసారి మోగింది. ఈసారి అటునుంచి మాట లేదు, ఎవరో గట్టిగా పిలుస్తున్న చప్పుడు మాత్రం వినపడి కట్టయిపోయింది. ఆ తర్వాత ఆ నంబరు నుంచి ఫోను రాలేదు.

మూడైంది. మూడున్నరైంది.

“ఇక చేయడం లేదు సార్,” అంది కొత్తమ్మాయి, ఫోనువైపే చూస్తూ. ఆమెకు భయంగా ఉంది.

“చేయదు. మన దగ్గర కుదరదని తెలిసింది. రేపు నువ్వే నాకు చెబుతావు చూడు, సార్, మీరన్నదే నిజమని.”

నాలుగూ ఇరవైకి పదో చీటీ అయిపోయింది. పదకొండోది వ్యానుకు వెళ్ళింది. అయిదు కావస్తుండగా లైన్‌మన్ ఫోను చేశాడు. సీనియర్‌కి పదేళ్ళ స్నేహితుడు, వారానికోసారైనా ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్ళే మనిషి.

“సార్, మీకే ఇమ్మంటున్నాడు,” అని కొత్తమ్మాయి ఫోను అందించింది.

“ఏమైంది? తీగ వేశావా?”

“వేశానన్నా. స్తంభం దగ్గర కాలిపోయింది. అయిదు నిమిషాల పని.” లైన్‌మన్ గొంతు బొంగురుగా ఉంది.

“ఇంతకీ మిషనుందా, ఇక్కడా చేపల తొట్టేనా?”

“ఉందన్నా. కరెంటు రాగానే దానంతటదే మొదలైంది. ఇంకా తిరుగుతూనే ఉంది. పెట్టుకోవడానికే... మనిషి లేదు.”

సీనియర్ చెయ్యి మెడమీది రుమాలు మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. కొత్తమ్మాయి అతని ముఖంలోకి చూస్తోంది. ఆమె కళ్ళను తప్పించుకుంటూ గొంతు తగ్గించాడు.

“పాపం... ఆవిడ కొడుకెవరో డ్యూటీలో ఉన్నాడన్నారు. అతనికి ఎవరైనా చెప్పారా?”

అటువైపు మిషను తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది.

“ఇప్పుడు అతనికే చెబుతున్నానన్నా.”