ఎర్రబడిన పట్టీ

శ్రమకు ఒంట్లో పుట్టే తుప్పు పెరిగితే, దాన్ని కొలిచే చేతిపట్టీ ఎర్రబడే రోజులవి. కుర్చీ వదలని పాండురంగం పట్టీ ఎప్పుడూ ఆకుపచ్చే. రోజూ మెట్లెక్కే భార్య సుభాషిణిది ఎర్రబడేది.

“చేజేతులా తుప్పు పట్టించుకుంటున్నావే!” అని మండిపడేవాడు.

ఓ మధ్యాహ్నం లిఫ్టు చెడిపోయింది. ఇద్దరూ అయిదంతస్తులెక్కారు. పట్టీలు రెండూ ఎర్రబడ్డాయి. కాఫీ కలిపేలోపే సుభాషిణిది ఆకుపచ్చకు తిరిగింది. అతనిది చీకటిపడ్డా ఎర్రగానే ఉంది.

“నీ పట్టీ పాడైనట్టుంది, ఇలా తే!” అన్నాడు.

మార్చుకున్నారు. ఆమె పట్టీ అతని చేతిమీద భగ్గున ఎర్రబడింది. అతనిది ఆమె చేతిమీద ఆకుపచ్చగా వెలిగింది.

పాండురంగం తన చేతివంకా, ఆమె చేతివంకా చూశాడు.

“రోజూ కాస్త తుప్పు రేగితేనేనండీ, దాన్ని వదిలించుకోవడం ఒంటికి అలవాటయ్యేది.”

“మరి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదే?”

“మెట్లెక్కుదాం రండని రోజూ పిలిచాను కదండీ!”