శబ్దం రాని మిషను

"అరచేతిలో పెడతా, చూడన్నా," అంటూ నెల్లూరు షాపులో అమ్మాయి నొప్పులున్న చోట అదిరే పదిహేను వందల మసాజ్ గన్నును బెన్హర్ కుడిచేతికి ఆనించింది. అది బర్రుమని మోగింది.

"బాగుండాది. భుజం నొప్పికి ఇది చాలు," అన్నాడు బెన్హర్, రోడ్డు మీద పోయే బస్సుల్ని చూస్తూ.

"ఇది పన్నెండు వేలది. ఇదీ చూడన్నా." ఆ అమ్మాయి రెండోది ఆనించింది.

బస్సుల మీంచి చూపు తిప్పకుండానే అడిగినాడు బెన్హర్. "ఇంకా ఆన్ చేయలేదామ్మా?"

"ఫుల్ స్పీడులో ఉందన్నా! దీనికి శబ్దం రాదు, అంతే."

పక్కనే ఉన్న భార్య కరుణాకుమారి అతని చేతికేసి చూసింది. వేళ్లన్నీ అదురుతున్నాయి. ఆ అదురు అతనికి తెలియడం లేదు.

మైపాడులో పడవెక్కితే బెన్హర్ గాలం తాడును ఆ చేతి చూపుడువేలికే చుట్టుకుని కూర్చుంటాడు. చేప కొరికితే ఆ వేలికే తెలియాలి. నెల రోజులుగా ఖాళీ బుట్టతో ఇంటికొస్తున్నాడు.

"ఏమయ్యా, సముద్రంలో చేపే లేదంటివే. మరి రోజూ ఎర ఎవరు తింటుండారు?" అంది కరుణాకుమారి.

బెన్హర్ ఆ మిషను వైపే చూస్తూ అన్నాడు.

"కొరికిన చేప శబ్దం చేయదు కదే."