మాంత్రికుడి గడ్డం

"గడ్డం తీసేస్తే వాణ్ణెవడు గుర్తుపడతాడ్రా? యజమాని నీ తోలు తీస్తాడు!" అన్నాడు పక్కబల్ల మీద బొమ్మల కథలకి అక్షరాలు రాసే గస్.

లెస్టర్ వినలేదు. మాంత్రికుడి బొమ్మ మీద రబ్బరుతో రుద్దుతూనే ఉన్నాడు.

ముఖం తోచకపోతే తెలిసినవాళ్ళ ముఖం గీసి పారేయడం ఆ బొమ్మల కార్ఖానాలో అందరికీ అలవాటే. పోయిన నెల పది సెంట్ల బొమ్మల కథల పుస్తకంలో, ఎగిరే వీరుడి కథ వెనక వేసిన కథలో పీనుగుల్ని తినే మాంత్రికుడికి తనను పెంచిన మెండెల్ బాబాయి ముఖం గడ్డంతో సహా పెట్టాడు లెస్టర్. వీరుణ్ణి ఎవరూ పట్టించుకోలేదు, మాంత్రికుడి పేరు బ్రూక్లిన్ పేటంతా పాకిపోయింది. ఇప్పుడు బాబాయి వీధిలోకొస్తే పిల్లలు "పీనుగుల్ని తినేవాడొచ్చాడ్రోయ్" అని రాళ్ళు విసురుతున్నారు.

తలుపు తోసుకుని బాబాయే వచ్చాడు, మూతికి మఫ్లర్ చుట్టుకుని.

"మీ పిన్ని రొట్టె పంపింది. తిను."

లెస్టర్ తలెత్తలేకపోయాడు. "బాబాయ్, వాడి ముఖం మార్చేస్తున్నా. నిన్నింకెవరూ ఏమీ అనరు."

"మారిస్తే నీ ఉద్యోగం పోతుందని పిన్నితో ఏడ్చావట కదరా?"

బాబాయి మఫ్లర్ విప్పాడు. యూదులకి దేవుడి ఆజ్ఞ అని, మొలిచిన నాటి నుంచీ కత్తెర తగలనివ్వని గడ్డం లేదు. దవడల మీద మంగలి కత్తి గాట్లు మిగిలాయి.

"నా ముఖమే మార్చేసుకున్నా. ఇంక పోలికేముంది?"

లెస్టర్ రబ్బరు పక్కన పెట్టేశాడు.

"చెరిపింది మళ్ళీ గియ్యరా. బాగా గియ్యి. పుస్తకం దాచుకుంటానంది మీ పిన్ని. నా గడ్డం ఇక అందులోనేగా ఉండేది."