నిశ్శబ్ద అభిమాని

"హాలా? మనకి హాలెందుకే?" అంది అక్క, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి.

టీచరు ఫోను అక్క ముందుకి జరిపింది. అందులో ఇలా ఉంది: "మీ కళకి ఆ ఇరుకు గది చాలదు. ఎక్కడైనా పెద్ద హాలు తీసుకుని పాఠాలు చెప్పండి. అద్దె నేను కడతాను. ఇట్లు, నిశ్శబ్ద అభిమాని."

"నిశ్శబ్దమట, నిశ్శబ్దం! నెల తిరిగేసరికి ఏదో ఒకటి అడక్కుండా ఉండలేని మనిషికి ఆ పేరొకటి," అంది అక్క.

టీచరంటే డాన్సు టీచరు. చెక్క మడమల బూట్లు వేసుకుని, నేల మీద టకటకలాడిస్తూ అడుగులు నేర్పుతుంది. ఇంట్లోనే వీడియోలు తీసి నెట్‌లో పెడుతుంది. దీనికోసం లక్షణమైన బడి ఉద్యోగం వదిలేసింది. ఊరికే చూసేవాళ్లు వేలమంది ఉన్నా, చందా కట్టి చూసేవాళ్లు మాత్రం గుప్పెడుమంది. ఆ గుప్పెడులో బొటనవేలు ఈ నిశ్శబ్ద అభిమాని. ఆయన చేతులెత్తేస్తే టీచరు మళ్లీ బడి గేటు ముందు నిలబడాల్సిందే.

పెద్ద చందాదారులు నెలకో కోరిక కోరవచ్చని టీచరే తన పేజీలో రాసుకుంది. రాసిన పాపానికి ఆయన ఒక్క నెలా వదల్లేదు. బూట్లు విప్పి వట్టి కాళ్లతో చూపిస్తే వేళ్ల కదలిక తెలుస్తుందన్నాడు. చూపించింది. కింద మందపాటి తివాచీ పరిస్తే వీడియోకి నిండుతనం వస్తుందన్నాడు. పరిచింది. ఆ పై నెల, ఒక పాఠమంతా కుర్చీలో కూర్చుని చేతులతోనే చెప్పమన్నాడు. అడుగులు నేర్పేదాన్ని కూర్చోమనడమేమిటని గొణుక్కుంటూనే చెప్పింది. తీరా చూస్తే, మోకాళ్ల నొప్పులవాళ్లంతా ఆ పాఠం మీద ఎగబడ్డారు.

"ఆయన పోషకుడే అక్కా. పూర్వం రాజులు కళాకారుల్ని పోషించలేదూ?"

"పోషించారు. తివాచీ పరుచుకోమని చెప్పలేదు." బట్టల షాపు కౌంటర్లో పనిచేసే అక్కకి మనుషుల్ని చదవడం వెన్నతో పెట్టిన విద్య. "డబ్బిచ్చి నోరు మూసుకుంటే పోషకుడు. డబ్బిచ్చి, ఆ రంగు కాదు ఈ రంగు తీయమంటే కస్టమరు. నువ్వు కొలువులో ఉన్నాననుకుంటున్నావు. కౌంటర్లో ఉన్నావే పిచ్చిదానా! అయినా, ముక్కూమొహం తెలియనివాడు ఆడపిల్లకి హాలు అద్దెకి తీసిస్తాననడమేంటి? నాకెందుకో తేడాగా ఉంది."

ఆ మాట టీచరుకి ముల్లులా గుచ్చుకుంది. తేడా సంగతి అలా ఉంచి, తాను కళాకారిణా, కూలికి ఆడే మనిషా? తేల్చుకోవాల్సిందే. ఒకసారి కలుద్దామని రాసింది. వెంటనే జవాబు వచ్చింది.

మర్నాడు సాయంత్రం కాఫీ షాపులో, ఆమె లోపలికి రాగానే ఓ పెద్దాయన గబుక్కున లేచి నిలబడ్డాడు. నలిగిన చొక్కా, కళ్ల కింద నల్లటి వలయాలు. రాత్రిళ్లు మేలుకుని తన వీడియోలే చూస్తున్నాడేమో పాపం అనుకుంది టీచరు. మనసు సగం మెత్తబడింది.

"నా పాఠాల్లో మీకు బాగా నచ్చిందేదండీ?"

"కుర్చీ పాఠం," అన్నాడాయన తడుముకోకుండా. "ఆ రోజంతా ఎంత హాయిగా ఉందనుకున్నారు! మాటల్లో చెప్పలేనమ్మా." ఆయన కళ్లు చెమర్చాయి.

టీచరు గొంతు సవరించుకుంది. "ఒక్క మాట సూటిగా అడుగుతాను. మీరు నాకు పోషకులా, కస్టమరా?"

ఆయన కప్పు కింద పెట్టాడు. "ఆ రెండూ కాదేమోనమ్మా."

అక్క అన్న తేడా మాట గుర్తొచ్చి టీచరు వెన్ను నిటారుగా పెట్టింది. "అయితే వినండి. హాలు నాకొద్దు. నా కళకి నా గది చాలు. ఇకనుంచి ఎవరి కోరికలూ తీర్చను. తివాచీ తీసేస్తాను, బూట్లు వేసుకుంటాను. వచ్చే నెల నుంచి రెండు పూటలా పాఠాలు. ఇష్టమైతే చందా కట్టండి, లేకపోతే మానేయండి."

"రెండు పూటలానా?" ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆ గదిలోనేనా?"

"ఆ గదిలోనే."

ఆయన నిట్టూర్చి లేచాడు. టీచరు కూడా లేచింది. మనసు దూదిపింజలా తేలిపోతోంది. బొటనవేలు పోతే పోయింది, పరువు మిగిలింది.

బయటికొచ్చి నడుస్తుంటే పక్కన చెప్పుల చప్పుడు. ఆయనే.

"నేనూ అటేనమ్మా," అన్నాడు.

మందుల షాపు దగ్గర తిరిగితే ఆయనా తిరిగాడు. ఆమె అడుగు పెంచితే ఆయనా పెంచాడు. టీచరు సంచిలో ఫోను వెతుక్కుంటూ తన బిల్డింగులోకి దూరి, లిఫ్టు ఎక్కేసింది. తలుపులు మూసుకునేలోగా ఆయన కూడా లోపలికొచ్చాడు. వచ్చినవాడు ఊరుకోకుండా, ఆమె అడక్కుండానే ఆమె అంతస్తు మీట నొక్కాడు.

"ఆగండి!" టీచరు గోడకి అతుక్కుపోయింది. "నా ఇల్లు మీకెలా తెలుసు?"

ఆయన దోషిలా తల దించుకున్నాడు.

"మీ కిందింట్లో ఉండేది నేనేనమ్మా."