పెద్ద రేక

మా అత్తగారు డిజిటల్ పలకమీద వేలితో గీసిన ముగ్గే ఇప్పటికీ మా గుమ్మం ముందున్న డిజిటల్ తెరమీద వెలుగుతోంది. ఆవిడ పోయి రెండేళ్లు. సోమవారంలోగా కొత్త ఫార్మాట్‌లోకి మార్చి దరఖాస్తుతోపాటు పంపకపోతే పాత ముగ్గులన్నీ చెరిపేస్తామని అపార్ట్‌మెంట్ ఆఫీసు నోటీసు పంపింది.

మార్చే యంత్రం మర్యాదగా చెప్పింది: "పువ్వులో ఒక రేక పెద్దదైందండీ. సరిచేశాను."

ఆ రేక గీస్తుండగానే ఆవిడ, నా కాఫీ నీళ్లలా ఉందని తిట్టడానికి ఇటు తిరిగారు. చెయ్యి మాత్రం ఆగలేదు.

"వద్దు, అలాగే ఉంచు."

"తప్పులున్న ముగ్గుల్ని కొత్త ఫార్మాట్‌లోకి మార్చనండీ."

"ముగ్గని ఎవరన్నారు? అది మా అత్తగారి సంతకం."

సంతకాలు దిద్దకూడదని దానికి నేర్పారు. రేకని అలాగే ఉంచి మార్చేసింది.

"అమ్మ సంతకం అంత పెద్దదా?" అన్నారు మావారు.

"నోరు మాత్రం చిన్నదా?"

మర్నాడు పొద్దున కాఫీ గ్లాసుతో ఆ రేక ముందు నిలబడ్డాను. కాఫీ నీళ్లలాగే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు.