సంచిలో దొరికిన స్టాపర్

సంచి బోర్లించగానే స్టాపర్ టంగుమని నేల మీద పడింది. వడ్రంగికి పై ప్రాణాలు పైనే పోయాయి.

పొద్దున్నే డ్రిల్లు ముక్క కోసం వెతుకుతున్నవాడికి కనబడాల్సిన వస్తువు కాదది. నిన్న ఒక ఇంట్లో హాలుకీ పడగ్గదికీ మధ్య గోడకి ఇనప ట్రాక్ బిగించి, దాని మీద చక్రాలతో జారే తలుపు వేలాడదీసి వచ్చాడు. ఆ ట్రాక్ చివర ఉండాల్సిన ముక్క ఇది. ఇదుంటే తలుపు అక్కడ ఆగుతుంది. లేకపోతే ట్రాక్ దాటిపోయి, యాభై కిలోల టేకు చెక్క నిలువునా మీద పడుతుంది. పక్కనే దాని బోల్టు కూడా పడి ఉంది.

ఆ ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది. నిన్న తలుపు బిగించీ బిగించగానే దాన్ని అటూ ఇటూ తోస్తూ ఒకటే ఆట.

"బిగించినట్టే గుర్తుందే నాకు," అన్నాడు భార్యతో.

"కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి మీరు. మీ గుర్తు సంగతి నాకు చెప్పకండి," అందావిడ.

మామూలు రోజైతే ఆ మాటకి సాయంత్రం దాకా సరిపడా పోట్లాట జరిగేది. ఇవాళ ఫోన్ తీశాడు. తలుపు పెట్టించుకున్న ఇంటాయనకి చేశాడు. మూడోసారికి ఎత్తాడాయన. సంగతి గబగబా చెప్పి, ఇంట్లోవాళ్ళని ఆ తలుపు ముట్టుకోవద్దనమని బతిమాలాడు.

"ఇంట్లో ఎవరూ లేరు. మా ఆవిడ పాపని తీసుకుని పుట్టింటికెళ్ళింది. సాయంత్రం నేనొచ్చాక రా. నేను లేనప్పుడు మాత్రం రాకు," అని పెట్టేశాడాయన.

ఇంకొకడైతే హాయిగా ఊపిరి పీల్చుకుని టీ తాగేవాడు. ఈయన చాదస్తం వేరు. పుట్టింటికెళ్ళినావిడ మధ్యాహ్నానికే తిరిగొస్తే? చెప్పులైనా విప్పకుండా పాప కొత్త తలుపు దగ్గరికి పరిగెడితే? స్కూటర్ తీశాడు.

దారంతా నిన్నటి పనే కళ్ళ ముందు తిరిగింది. ఇంటాయన పక్కనుంచి కదిలితే ఒట్టు. తలుపు ఏ వైపుకి తెరుచుకోవాలమ్మా అని ఆవిడని అడిగితే జవాబు ఆయనే చెప్పాడు. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు పెట్టి, తలెత్తకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. పనంతా అయ్యాక, ఊడదీసిన పాత తలుపుని మగాళ్ళిద్దరూ మోసుకెళ్ళి వీధి మలుపులో ఆటోలో వేసి వచ్చారు. ఆ ఐదు నిమిషాలకి కూడా ఇంటాయన బయట తాళం పెట్టే కదిలాడు. తన పనిముట్లన్నీ లోపలే ఉన్నాయి కాబట్టి, జాగ్రత్త గల మనిషి అని మెచ్చుకున్నాడు వడ్రంగి.

అంతకుముందు స్టాపర్ గురించి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు తను. ఈ చిన్న ముక్కకి ఇంత రాద్ధాంతమా అని ఇంటాయన విసుక్కుంటే, ఇది లేదని అర్ధరాత్రి గుర్తొచ్చినా, ఎంత దూరమైనా సరే వచ్చి బిగించి వెళ్తానని గొప్పలు పోయాడు. అప్పుడు వంటింట్లో గిన్నెల చప్పుడు కాసేపు ఆగింది. పాపం, పిల్ల తల్లి, భయపడి ఉంటుందనుకున్నాడు. అంత చెప్పినవాడు ముక్కని సంచిలో వేసుకుని ఇంటికొచ్చాడు. సిగ్గుతో చితికిపోయాడు.

వీధి తలుపుకి తాళం వేలాడుతోంది. హమ్మయ్య అనుకుని స్కూటర్ వెనక్కి తిప్పాడు.

లోపల్నుంచి చిన్న దగ్గు వినబడింది. తర్వాత చిట్టి అడుగుల పరుగు.

వడ్రంగి స్కూటర్ అక్కడే వదిలేసి గుమ్మం దగ్గరికి ఉరికాడు. తాళం వేసిన ఇంట్లో పాప ఎలా ఉంది? తలుపు దబదబా బాదాడు. కొత్త తలుపు దగ్గరికి వెళ్ళకు తల్లీ అని అరిచాడు. అడుగులు టక్కున ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి ఇంకా హడలిపోయి, మోకాళ్ళ నొప్పుల సంగతే మరిచి ప్రహరీ దూకి ఇంటి వెనక్కి పరిగెత్తాడు. చెక్క కింద నలిగిన చిన్న చెయ్యి కనబడుతుందేమోనని సగం కళ్ళు మూసుకునే కిటికీలోంచి చూశాడు.

తలుపు పడలేదు. దాని పిడికి తాడు కట్టి, ఆ తాడుని మంచం కోడుకి నాలుగు చుట్లు చుట్టి ముడేసి ఉంది. పాప భయంభయంగా తల్లి వెనక నక్కింది. తల్లి కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది. నిన్న తలెత్తని మనిషి ఇవాళ ముఖం దాచుకోలేదు. ఎడమ కన్ను కింద కమిలి నల్లబడి ఉంది.

వడ్రంగి చువ్వల దాకా వచ్చి చేతులు జోడించాడు.

"అమ్మా, తలుపు తగిలిందా? తప్పు నాదే తల్లీ. స్టాపర్ బిగించడం మర్చిపోయాను," అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆవిడ ఇంటి పక్క సందులోకి ఓసారి తొంగిచూసి గొంతు తగ్గించింది.

"ఇది తలుపు దెబ్బ కాదన్నా. మీరేం మర్చిపోలేదు. గట్టిగానే బిగించారు."

"మరి నా సంచిలోకి ఎలా వచ్చింది?"

"మీరు తిరిగొస్తారని నేనే విప్పి వేశాను."