రెండో కాపీ

బజ్జీ తిని, చేతిలోని కాగితం నలిపి పారేయబోతూ చూసిన చిన్నకోటయ్యకు గుండె గుభేలుమంది.

నూనె మరకల మధ్య నుంచి ఎర్రటి పీత ఒకటి అతనికేసి గుడ్లురిమి చూస్తోంది.

మామూలు పీత కాదది. వీడియో గేములో రాకాసి పీత. దాన్ని ఎలా చంపాలో, ఎక్కడ దాక్కోవాలో బొమ్మలేసి మరీ చెప్పే గైడులోని కాగితం అది. అలాంటి గైడు పల్నాడు మొత్తానికీ ఒక్కటే ఉందనీ, అది తన ఇంట్లో అటక మీద ట్రంకుపెట్టెలో భద్రంగా ఉందనీ ఇన్నాళ్ళూ అతని ధీమా.

చిన్నకోటయ్య నరసరావుపేటలో లారీ డ్రైవరు. మిర్చి లోడుతో మద్రాసు వెళ్ళినప్పుడల్లా వీడియో గేముల సామాను ఏది దొరికితే అది తెచ్చుకునేవాడు. స్టిక్కర్లు, తాళంచెవుల గొలుసులు, పీత బొమ్మ టోపీ. ఇంగ్లీషు ముక్క రాకపోయినా ఆ గైడు కొన్నాడు. కొన్నరోజు ఒక్కసారి తిరగేసి, పాలిథిన్ కవరులో చుట్టి, పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తాళంతో వచ్చిన రెండు చెవుల్లో ఒకటి మొలతాడుకు కట్టుకున్నాడు, రెండోది ఇంట్లోనే ఎక్కడో పడేశాడు. మళ్ళీ తీస్తే ఒట్టు. చేతులు పడితే విలువ పడిపోతుందని ఎవరో చెప్పారు.

భార్య నిర్మలకు ఈ పిచ్చి అంతుపట్టేది కాదు.

"పది తప్పి పన్నెండేళ్ళయింది. ఇంకా గైడెందుకయ్యా నీకు? ఆ పెట్టె నాకిస్తే ఏడాది మిరపకాయలు పోసుకుంటా."

"ఇది ఆ గైడు కాదే. నీకు చెప్పినా అర్థం కాదు."

అర్థం కాదనుకుని అతను ఎప్పుడూ విడమరిచి చెప్పనూ లేదు.

ఆ గైడుకు ఇన్నాళ్ళకు దశ తిరిగింది. గుంటూరులో వీడియో గేముల షాపు నడిపే నూర్ మొహమ్మద్ దానికి బదులు బిళ్ళలేసి ఆడే పాత గేము మిషనే ఒకటి ఇస్తానన్నాడు. ఆదివారం వస్తానన్నాడు. ఆ మిషను బస్టాండు దగ్గర పెట్టుకుంటే చిన్నకోటయ్య జన్మలో మళ్ళీ స్టీరింగు పట్టనక్కర్లేదు. కాకపోతే అతనో మెలిక పెట్టాడు.

"చూడు భాయ్, ఇంకో కాపీ ఉందంటే మాత్రం నాకొద్దు. ఆ కిటుకులు జనానికి తెలిస్తే ఒక్క బిళ్ళేసి పొద్దుగూకేదాకా ఆడతారు. నా షాపు మూతపడుద్ది."

మరి ఈ రెండో కాపీ ఎక్కణ్ణుంచి ఊడిపడినట్టు?

పరుగున ఇంటికెళ్ళి అటకెక్కాడు. తాళం వేసినట్టే ఉంది. ఊపి చూస్తే పెట్టె బరువుగానే ఉంది. తెరుద్దామనుకున్నాడు కానీ, విలువ గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దుమ్ముకు కాబోలు, వరసగా నాలుగు తుమ్ములు తుమ్మి దిగాడు.

దిగుతుంటే బుర్రలో వెలిగింది. షబ్బీర్! టీవీలు బాగుచేసే షబ్బీర్, "అట్లాంటిది నా దగ్గర కూడా ఉందిలే" అని టీకొట్టు దగ్గర కోతలు కోసేవాడు. కోతలు కావన్నమాట. వాళ్ళింట్లో ఎవరో తూకానికేసి ఉంటారు. చిన్నకోటయ్యకు నవ్వాగలేదు. ఇంట్లో వస్తువు ఏమవుతోందో చూసుకోలేనివాడికి ఈ సరదాలెందుకట!

మర్నాడు లోడు మానుకుని బజ్జీల బండి దగ్గర కూర్చున్నాడు.

"ఏం మస్తానమ్మ పిన్నీ, ఈ రంగు కాయితాలు ఎక్కడియ్యి?"

"పాత కాయితాలాయన తెచ్చాడ్రా. పరీక్షలయిపోయినయ్ గదా, అందరూ గైడ్లు తూకానికేస్తన్నారు. ఏం, నూనె కారతందా?"

"లేదులే. ఇంకో ప్లేటెయ్యి."

పుస్తకం మొత్తం ఒకేసారి అడిగితే పిన్ని పసిగడుతుంది. పిన్నికి తెలిస్తే ఊరంతా టాంటాం. అందుకని తినడమే మార్గమనుకున్నాడు. పొద్దున బజ్జీలు, సాయంత్రం బజ్జీలు. పక్కవాళ్ళు తిని పారేసిన కాగితాలు కూడా బల్లల కింద దూరి ఏరాడు. ఏరినవన్నీ బండి వెనక్కి తీసుకెళ్ళి అగ్గిపుల్ల గీసేవాడు. నూనె పీల్చిన కాగితం భగ్గున మండేది. పీతలు ఒక్కొక్కటే నల్లబడి ముడుచుకుపోతుంటే, "సలాం షబ్బీర్ భాయ్" అనుకుని మురిసిపోయేవాడు.

ఇంటికెళ్ళి మజ్జిగ మీద మజ్జిగ తాగేవాడు.

"ఏందయ్యా ఆ తిండి? ఇంట్లో కూడు సయించట్లేదా?" అంది నిర్మల.

"ఆదివారం దాకా ఓర్చుకోవే. నీకు మారాణి భోగం."

కడుపు మండిపోతోంది కానీ మనసు మాత్రం చల్లగా ఉంది.

శనివారం సాయంత్రానికి కాగితాలన్నీ అయిపోయాయి. ఇక అట్ట ఒక్కటే మిగిలింది. దాంతో మస్తానమ్మ పొయ్యి విసురుకుంటోంది.

"పిన్నీ, ఆ అట్ట నాకియ్యవా?"

"దీంతో ఏం చేసుకుంటావురా?"

"లారీలో చానా ఉక్కపోస్తంది. విసురుకుంటా."

"లారీ తోల్తా విసురుకుంటావా? పట్టుకుపో. నువ్వు తిన్న బజ్జీలకి ఇసనకర్రే కొనియ్యాల్సింది."

చిన్నకోటయ్య దాన్ని చంకలో పెట్టుకుని బండి వెనక్కి నడిచాడు. ఇక ఈ భూమ్మీద రెండో కాపీ అనేది ఉండదు. రేపు నూర్ మొహమ్మద్ ముందు ఏ దేవుడి మీదైనా ప్రమాణం చేయొచ్చు.

హుషారుగా అగ్గిపుల్ల గీసి, మంట అంటించబోతూ అట్టను ఇటు తిప్పితే, లోపలివైపు తన చేత్తో తనే రాసుకున్న వంకర అక్షరాలు కనిపించాయి: "ఇది వేముల చిన్నకోటయ్యది, ముట్టుకుంటే మర్యాద దక్కదు."